అబ్బాట్స్‌ఫర్డ్ కనక్స్ అసలు ఏ ఊరి జట్టు? (ఏహెచ్ఎల్ జట్ల వలసల చిట్టా)

#1 శీను_అబ్బాట్స్‌ఫర్డ్

నమస్తే అండీ. నేనుండేది కెనడాలో, బ్రిటిష్ కొలంబియాలోని అబ్బాట్స్‌ఫర్డ్‌లో. 2025 జూన్‌లో మా ఊరి ఐస్ హాకీ జట్టు అబ్బాట్స్‌ఫర్డ్ కనక్స్ ఏహెచ్ఎల్ వాళ్ల కాల్డర్ కప్ కొట్టింది. ఫైనల్లో షార్లెట్ చెకర్స్ పని ఆరు మ్యాచ్‌ల్లో ముగించేశారు. కోచ్ మానీ మల్హోత్రా, జట్టులో సర్రీ కుర్రాడు అర్ష్‌దీప్ బైన్స్. ఇంకేముంది, ఇక్కడి పంజాబీ వాళ్లకు పండగే పండగ.

ఆ ఊపులో తెవికీలో (తెలుగు వికీపీడియా) ఈ జట్టు మీద వ్యాసం మొదలుపెట్టా. సమాచారపెట్టెలో "స్థాపన" దగ్గరే ఆగిపోయా. ఒకచోట 2021 అని ఉంది, ఇంకోచోట 1926 అని ఉంది. సరే అని వెనక్కి తవ్వుకుంటూ పోతే న్యూయార్క్ రాష్ట్రంలో యుటికా అనే ఊరు తగిలింది. ఇక్కడే చిక్కు. 2009 నుంచి 2014 దాకా మా ఊళ్లో అబ్బాట్స్‌ఫర్డ్ హీట్ అని వేరే జట్టు ఉండేది. దాని పూర్వం తవ్వినా యుటికానే వస్తోంది! అయితే హీట్, కనక్స్ రెండూ ఒకటేనా? ఒకటే అయితే మధ్యలో ఏడేళ్లు ఎక్కడికి పోయినట్టు?

#2 నర్సింగ్_ఉప్పల్

హాకీ అంటే నాకు ధ్యాన్‌చంద్ హాకీ ఒక్కటే ఎరుక. గీ ఏహెచ్ఎల్ ఏంది అన్నా? కొంచెం మా అసుంటోళ్లకు సమజయ్యేటట్టు చెప్పుండ్రి.

#3 సుజాత_సీడర్‌పార్క్

నర్సింగ్ గారూ, పైన ఎన్‌హెచ్ఎల్ (నేషనల్ హాకీ లీగ్), దాని కింద మెట్టు ఏహెచ్ఎల్ (అమెరికన్ హాకీ లీగ్). అక్కడ 32 జట్లు, ఇక్కడా 32. పై జట్టు ఒక్కోదానికి కింద ఒక జట్టు. కుర్రాళ్లు కింద రాటుదేలి పైకి పోతారు. పైన ఎవడికైనా కాలు విరిగితే రాత్రికి రాత్రి ఇక్కణ్నుంచి ఒకడికి ఫోన్ వస్తుంది, పొద్దున్నే ఫ్లైట్ ఎక్కాలి. ఇంకా కింద ఈసీహెచ్ఎల్ అని మరో లీగ్.

కొన్ని ఏహెచ్ఎల్ జట్లను పై క్లబ్బులే కొనేసుకున్నాయి. కొన్నిటికి స్థానికంగా యజమానులుంటారు, పై క్లబ్బుతో ఒప్పందం మాత్రమే ఉంటుంది. ఒప్పందం మారితే ఆటగాళ్లు మారతారు, జట్టు ఊళ్లోనే ఉంటుంది. జట్టు ఊరు మారితే అది వేరే కథ. ఈ రెండూ కలిపేసి చూస్తే ఎంతటివాళ్లకైనా తల తిరుగుతుంది.

#4 పాతపేపర్ల_మూర్తి

శీను గారూ, అవి రెండూ ఒకటి కాదు. రెండు వేరు వేరు ఫ్రాంచైజీలు. రెండూ యుటికాలో కాపురం చేశాయి, రెండూ మీ ఊళ్లో కాపురం చేశాయి. కాకపోతే వేరు వేరు కాలాల్లో.

ఇప్పటి కనక్స్ వరస: స్ప్రింగ్‌ఫీల్డ్ ఇండియన్స్ → 1994లో వూస్టర్ ఐస్‌క్యాట్స్ → 2005లో పియోరియా రివర్‌మెన్ → 2013లో యుటికా కామెట్స్ → 2021లో అబ్బాట్స్‌ఫర్డ్ కనక్స్.

పాత హీట్ వరస: 1977లో పోర్ట్‌లాండ్‌లో మెయిన్ మారినర్స్ → 1987లో యుటికా డెవిల్స్ → 1993లో సెయింట్ జాన్ ఫ్లేమ్స్ → 2003 నుంచి రెండేళ్లు ఖాళీ → 2005లో ఒమాహా → 2007లో క్వాడ్ సిటీ ఫ్లేమ్స్ → 2009లో అబ్బాట్స్‌ఫర్డ్ హీట్ → 2014లో గ్లెన్స్ ఫాల్స్‌లో అడిరొండాక్ ఫ్లేమ్స్ → 2015లో స్టాక్‌టన్ హీట్ → 2022లో కాల్గరీ రాంగ్లర్స్.

అంటే మీ ఊరి పాత జట్టు ఇప్పుడు కాల్గరీలో ఉంది. మీ కనక్స్‌తో అదే పసిఫిక్ డివిజన్‌లో ఆడుతోంది. దేశం ఈ చివర్నుంచి ఆ చివరికి తిరిగి తిరిగి చివరకు సొంత యజమాని ఇంటికే చేరింది. 1993 నుంచీ దాన్ని నడిపించింది కాల్గరీ ఫ్లేమ్సే కదా.

నేను మసాచుసెట్స్‌లో, వూస్టర్‌లో ఉంటా. మీరు గెలిచిన కప్పులో మాకూ కాస్త వాటా ఉందని ఇక్కడి పాతవాళ్లు సరదాగా అంటుంటారు.

#5 శీను_అబ్బాట్స్‌ఫర్డ్

మూర్తి గారూ, చాలా థాంక్సండీ. మరి యుటికా కామెట్స్ 2021లో ఇక్కడికి వచ్చేస్తే, ఇప్పటికీ లీగ్‌లో యుటికా కామెట్స్ అని ఒక జట్టు ఉంది కదా? అదెవరు?

#6 పాతపేపర్ల_మూర్తి

అసలు మాయ అక్కడే ఉంది. 2021లో వాంకూవర్ వాళ్లు (పై జట్టు, ఎన్‌హెచ్ఎల్‌లోని వాంకూవర్ కనక్స్) తమ ఫ్రాంచైజీని తీసుకుని అబ్బాట్స్‌ఫర్డ్ వచ్చేశారు. యుటికాలో అరీనా నడిపేది రాబర్ట్ ఎష్ బృందం. ఎష్ ఆ ప్రాంతం వాడే, ఒకప్పుడు ఎన్‌హెచ్ఎల్ గోలీ (గోల్‌కీపర్). వాళ్లు చేతులు ముడుచుకుని కూర్చోలేదు. న్యూజెర్సీ డెవిల్స్‌తో మాట్లాడి బింగ్‌హామ్‌టన్ డెవిల్స్‌ను యుటికాకు తెచ్చుకున్నారు. రంగులు మార్చినా పేరు మాత్రం "కామెట్స్" అనే ఉంచారు. ఆదివారం దాకా ఒక ఫ్రాంచైజీ పెట్టుకున్న పేరును సోమవారం ఇంకో ఫ్రాంచైజీ పెట్టుకున్నట్టయింది.

ఈ రెండో కామెట్స్ వరస: 1998లో లోవెల్ లాక్ మాన్‌స్టర్స్ → 2006లో లోవెల్ డెవిల్స్ → 2010లో ఆల్బనీ డెవిల్స్ → 2017లో బింగ్‌హామ్‌టన్ డెవిల్స్ (కోవిడ్ సీజన్లో నూవార్క్‌లో ఆడారు) → 2021లో యుటికా కామెట్స్.

యుటికా అభిమానిని అడిగితే "మా కామెట్స్ 2013 నుంచీ ఉంది" అంటాడు. ఫ్రాంచైజీ కాగితాలు చూస్తే మాత్రం 2021 ముందూ 2021 తర్వాతా రెండు వేరు జట్లు. 1987-93లో అదే ఊళ్లో అదే న్యూజెర్సీ డెవిల్స్ అనుబంధంగా ఆడిన యుటికా డెవిల్స్ మూడోది. అది ఇప్పుడు కాల్గరీలో ఉంది!

#7 నర్సింగ్_ఉప్పల్

గిది మాకు తెల్వని ముచ్చటేం గాదు. డెక్కన్ ఛార్జర్స్ 2009ల ఐపీఎల్ కప్పు గొట్టింది. 2012ల దాన్ని తీసేసిండ్రు. సన్ టీవీ వాళ్లు కొత్తగ కొనుక్కొని సన్‌రైజర్స్ పెట్టిండ్రు, గా జట్టు 2016ల గెలిచింది. గిప్పటికీ ఉప్పల్ స్టేడియంల ఎవలన్న "మనకు రెండు కప్పులు" అంటే కొట్లాటే. ఊరోళ్లకు రెండు, సన్‌రైజర్స్‌కు ఒక్కటే.

ఇంకోటి జూడుండ్రి. ఐఎస్ఎల్‌ల పుణె సిటీ మూతబడితె 2019ల గా ఫ్రాంచైజీని హైదరాబాద్‌కు తెచ్చిండ్రు. హైదరాబాద్ ఎఫ్‌సీ అని పేరు. 2021-22ల కప్పు గూడ గొట్టిండ్రు. మల్ల 2025ల జట్టు ఢిల్లీకి వొయ్యింది, స్పోర్టింగ్ క్లబ్ ఢిల్లీ అంటున్నరు. మరి ఆ కప్పు ఎవలిది? ఢిల్లోళ్లు దాన్ని మా కప్పు అనుకుంటరా?

#8 కిరణ్_హ్యామిల్టన్

నర్సింగ్ అన్న సరిగ్గా పట్టుకున్నాడు. నా మాట కూడా అదే. ఫ్రాంచైజీ అనేది లాయర్ల ఫైల్లో ఉండే కాగితం. చరిత్ర ఊరిది. అరీనాలో గుడ్డి లైట్ల కింద కూర్చుని చలికి వణుకుతూ చూసినవాళ్లది. అబ్బాట్స్‌ఫర్డ్ వ్యాసంలో స్ప్రింగ్‌ఫీల్డ్ కప్పులు రాస్తే నవ్వుతారు.

మా వైపు ఉదాహరణ ఒకటి. హ్యామిల్టన్ బుల్‌డాగ్స్ ఏహెచ్ఎల్ జట్టు 2015లో సెయింట్ జాన్స్‌కు పోయి ఐస్‌క్యాప్స్ అయింది, 2017లో లావాల్ రాకెట్ అయింది. అదే 2015లో బెల్విల్ నుంచి జూనియర్ జట్టును తెచ్చి దానికి హ్యామిల్టన్ బుల్‌డాగ్స్ పేరే పెట్టారు. 2023లో అదీ బ్రాంట్‌ఫర్డ్‌కు పోయింది. బెల్విల్ ఖాళీగా ఉండలేదు, 2017లో బింగ్‌హామ్‌టన్ సెనేటర్స్ అక్కడికి దిగారు. ఆ ఖాళీలోకే మూర్తి గారు చెప్పిన బింగ్‌హామ్‌టన్ డెవిల్స్ వచ్చారు. ఒక జట్టు కదిలితే ఎన్ని ఊళ్లు కదులుతాయో చూడండి.

#9 పాతపేపర్ల_మూర్తి

కిరణ్ బాబూ, ఐస్‌క్యాప్స్ ఎత్తావు కాబట్టి ఆ సంగతీ పూర్తి చెయ్యి. ఐస్‌క్యాప్స్ కూడా ఇద్దరు.

#10 కిరణ్_హ్యామిల్టన్

అవునండీ, అది ఇంకా బాగుంటుంది. 1994లో మిన్నెసోటాలోని సెయింట్ పాల్‌లో మిన్నెసోటా మూస్ అని ఐహెచ్ఎల్ (ఇంటర్నేషనల్ హాకీ లీగ్ అని ఇంకో లీగ్) జట్టు. 1996లో ఎన్‌హెచ్ఎల్ జట్టు విన్నిపెగ్ జెట్స్ ఫీనిక్స్‌కు లేచిపోయింది. ఊరు ఖాళీ అయింది కదా అని మూస్‌ని విన్నిపెగ్ తెచ్చి మానిటోబా మూస్ అన్నారు. 2001లో ఐహెచ్ఎల్ మూతపడితే ఏహెచ్ఎల్‌లోకి వచ్చారు. 2011లో అట్లాంటా థ్రాషర్స్ విన్నిపెగ్ వచ్చి కొత్త జెట్స్ అయ్యారు, అంతే, మూస్ సర్దుకుని న్యూఫౌండ్‌లాండ్‌లోని సెయింట్ జాన్స్ చేరింది. అదే మొదటి ఐస్‌క్యాప్స్. 2015లో మళ్లీ విన్నిపెగ్ వచ్చి మానిటోబా మూస్ అయింది. అదే వేసవిలో హ్యామిల్టన్ నుంచి మాంట్రియల్ వాళ్లు సెయింట్ జాన్స్ చేరి ఐస్‌క్యాప్స్ పేరునే కొనసాగించారు, రెండేళ్లు.

పై మెట్టున ఒక జట్టు కదిలితే కింది మెట్టు జట్టు సర్దుకోవాల్సిందే. డెన్వర్‌లోనూ అంతే జరిగింది. డెన్వర్ గ్రిజ్లీస్ 1995లో ఐహెచ్ఎల్ కప్పు గెలిచారు. అదే ఏడు క్యూబెక్ నార్డిక్స్ డెన్వర్‌లో దిగారు. గెలిచినవాళ్లు యూటాకు పోవాల్సి వచ్చింది. ఆ ఫ్రాంచైజీయే కొన్నాళ్లు నిద్రపోయి 2007లో క్లీవ్‌ల్యాండ్‌లో లేక్ ఎరీ మాన్‌స్టర్స్‌గా లేచింది.

#11 శీను_అబ్బాట్స్‌ఫర్డ్

మా ఊళ్లో హీట్ ఎందుకు నిలవలేదో నేను చెప్తా, ఇది ఇక్కడ ఎవర్నడిగినా చెప్పే కథే. వాంకూవర్‌కి గంట దూరంలో ఉన్న ఊళ్లో కాల్గరీ జట్టును పెట్టారు. కనక్స్ అభిమానులు ఫ్లేమ్స్ పిల్లలకు చప్పట్లు ఎందుకు కొడతారు? కనక్స్ అనుబంధ జట్టు ఇక్కడికి ఆడటానికి వస్తే సొంత ఊళ్లో హీట్‌కే పరాయివాళ్ల గోల వినపడేది. పైగా నష్టం వస్తే పూడుస్తామని నగరపాలిక పదేళ్ల ఒప్పందం రాసిచ్చింది. ఏటా సొమ్ము కట్టాల్సి వచ్చింది. చివరకు ఐదో ఏట 55 లక్షల డాలర్లు ఇచ్చి మరీ ఒప్పందం రద్దు చేసుకున్నారు. పొమ్మనడానికి అంత ఖర్చు. 2021లో సొంత కనక్స్ పిల్లలు వచ్చాక చూడాలి, అదే అరీనా, అదే ఊరు, సందడి వేరు.

కిరణ్ గారి మాటకు నాది సగం ఒప్పుకోలు. హీట్ మా ఊళ్లోనే ఉన్నా ఎవరూ దాన్ని మా చరిత్ర అనుకోరు మరి! ఊరు తనది అనుకుంటేనే ఊరి చరిత్ర అవుతుందంటారా?

#12 సుజాత_సీడర్‌పార్క్

టెక్సస్ వాళ్లం మేమేం తక్కువ తిన్నామా. మా సీడర్ పార్క్‌లో టెక్సస్ స్టార్స్. 2009లో షరతులతో లీగ్‌లోకి వచ్చారు. 2010లో అయోవాలో ఆట ఆపేసిన అయోవా చాప్స్ ఫ్రాంచైజీని కొని షరతు తీర్చారు. సరే, అయోవా నుంచి టెక్సస్ వచ్చింది. 2013లో హ్యూస్టన్ ఏరోస్‌కు అరీనా లీజు కుదరక, అది ఎక్కడికి పోయిందంటారు? అయోవాకే! డి మాయిన్‌లో ఇప్పుడున్న అయోవా వైల్డ్ అదే. ఒకటి ఇటు వచ్చింది, ఒకటి అటు పోయింది. ఊళ్ల పేర్లే చూసుకుంటూ గీత గీస్తే "అయోవా స్టార్స్, అయోవా చాప్స్, అయోవా వైల్డ్" అని ఒకటే వరసలా కనిపిస్తుంది. పూర్తిగా తప్పు.

శీను గారికి నా సలహా: వ్యాసంలో ఫ్రాంచైజీ పట్టిక వేరే పెట్టండి, ఊరి హాకీ చరిత్ర వేరే పేరాలో రాయండి. రెండూ కలపొద్దు. మా అబ్బాయి స్కూల్ ప్రాజెక్టుకు ఇలాగే చేయించా, టీచర్‌కి కూడా అర్థమైంది :)

#13 శీను_అబ్బాట్స్‌ఫర్డ్

బాగుంది సుజాత గారూ, అలాగే చేస్తా. కానీ అసలు ఎలా తేలుస్తారు ఇది? ఒక వేసవిలో ఒక జట్టు పోయి ఒకటి వస్తే, అది ఇదేనని ఏ ఆధారంతో?

#14 పాతపేపర్ల_మూర్తి

మంచి ప్రశ్న. నేను చేసే పద్ధతి చెప్తా.

ముందు హాకీడీబీ లాంటి సైట్లో ఆ ఏటి లీగ్ పట్టిక, మరుసటి ఏటి పట్టిక పక్కపక్కన పెట్టుకోండి. ఎవరు మాయమయ్యారు, ఎవరు కొత్తగా వచ్చారు రాసుకోండి. పోయినవాడినీ వచ్చినవాడినీ వెంటనే గీతతో కలిపెయ్యకండి. ఇది అనుమానితుల జాబితా మాత్రమే.

1993 వేసవి తీసుకోండి. యుటికా డెవిల్స్ మాయం. ఆల్బనీ రివర్ ర్యాట్స్ కొత్త, దాని పై జట్టు న్యూజెర్సీ డెవిల్స్. సెయింట్ జాన్ ఫ్లేమ్స్ కూడా కొత్త, దాని పై జట్టు కాల్గరీ. పై జట్టును బట్టి గీత గీస్తే యుటికా → ఆల్బనీ అనిపిస్తుంది. ఆటగాళ్లు చాలామంది అటే పోయారు కూడా. కానీ ఫ్రాంచైజీని కాల్గరీ కొనుక్కుని సెయింట్ జాన్‌కు తీసుకుపోయింది. మరి ఆల్బనీ? అది పక్క ఊరు ట్రాయ్‌లో ఆడుతున్న కాపిటల్ డిస్ట్రిక్ట్ ఐలాండర్స్ ఫ్రాంచైజీ. బాల్టిమోర్ స్కిప్‌జాక్స్ పోర్ట్‌లాండ్ పైరేట్స్ అయిందీ, న్యూ హేవెన్ నుంచి సెనేటర్స్ ప్రిన్స్ ఎడ్వర్డ్ ఐలాండ్‌కు పోయిందీ ఆ వేసవే. కుర్చీలాటలా అందరూ ఒకేసారి లేచారు.

ఇంకో తమాషా. ఆ ఆల్బనీ రివర్ ర్యాట్స్ 2010లో షార్లెట్‌కు పోయి చెకర్స్ అయింది. అంటే శీను గారూ, 2025 ఫైనల్లో మీ చేతిలో ఓడింది ఆ జట్టే.

గీత ఖాయం చేసుకోవాలంటే యజమాని ఎవరో వెంబడించాలి. ఫ్రాంచైజీ అమ్మకమైనా, తరలింపైనా లీగ్ బోర్డ్ ఆఫ్ గవర్నర్స్ ఓటు వెయ్యాలి. ఆ వార్త పెద్ద పేపర్లో ఉండదు, పోయిన ఊరి పేపర్లో ఉంటుంది. వచ్చిన ఊరి పేపరు "కొత్త జట్టు పుట్టింది" అని సంబరంగా రాస్తుంది, ఎక్కడిదో రాయదు. పోయిన ఊరి పేపరు మాత్రం ఎవడు అమ్మాడు, ఎంతకు అమ్మాడు, అద్దె బకాయి ఎంత, అరీనాలో గడ్డకట్టించే యంత్రం ఎవరిది అని అన్నీ తిట్టుకుంటూ రాస్తుంది. అందుకే నా పేరులో పాతపేపర్లు. అరీనా నగరానిదైతే కౌన్సిల్ సమావేశాల మినిట్స్ ఇంకా నమ్మకం.

నిద్రపోయిన ఫ్రాంచైజీలతో ఇంకా జాగ్రత్త. ఇందాకటి ప్రిన్స్ ఎడ్వర్డ్ ఐలాండ్ సెనేటర్స్ 1996లో ఆట ఆపేసింది, సభ్యత్వం మాత్రం వదులుకోలేదు. 2002లో బింగ్‌హామ్‌టన్‌లో లేచింది. ఆరేళ్ల ఖాళీ. పట్టికలు పక్కపక్కన పెట్టుకుంటే ఇది దొరకనే దొరకదు.

#15 నర్సింగ్_ఉప్పల్

మూర్తి సార్, మరి 1926 సంగతి చెప్పకపోతిరి? అసలు లొల్లి అక్కడే గద మొదలైంది.

#16 పాతపేపర్ల_మూర్తి

వస్తున్నా నర్సింగ్ గారూ, అది పెద్ద కథ, అందుకే ఆపి ఉంచా.

స్ప్రింగ్‌ఫీల్డ్ ఇండియన్స్ 1926లో కెనడియన్-అమెరికన్ లీగ్‌తో పాటే పుట్టింది. అది నిజం. కానీ 1932-33 సీజన్ మధ్యలో మూతపడింది. 1935లో క్యూబెక్ నుంచి ఒక జట్టును స్ప్రింగ్‌ఫీల్డ్‌కు తెచ్చి మళ్లీ ఇండియన్స్ అన్నారు. కాబట్టి 1926 నుంచి తెగని గీత గియ్యడం కుదరదు. పేరు 1926ది, ఇప్పుడు మీ దగ్గర ఉన్న ఫ్రాంచైజీ లెక్క 1935 నుంచి.

1939లో ఎడ్డీ షోర్ కొన్నాడు. బోస్టన్ బ్రూయిన్స్‌లో మహా ఆటగాడు, యజమానిగా మహా పిసినారి. యుద్ధంలో 1942 నుంచి 1946 దాకా ఊళ్లో అరీనా కొలీసియంను సైన్యం తీసుకుంది, షోర్ తన ఆటగాళ్లను బఫలోకు పంపాడు. 1951లో ఫ్రాంచైజీని సిరాక్యూస్‌కు మార్చి వారియర్స్ అన్నాడు. అదే సమయంలో స్ప్రింగ్‌ఫీల్డ్‌లో చిన్న లీగ్‌లో మరో జట్టుకు ఇండియన్స్ పేరు పెట్టి నడిపాడు! అంటే 1951-54లో "స్ప్రింగ్‌ఫీల్డ్ ఇండియన్స్" అని రికార్డుల్లో కనిపించేది అసలు ఇండియన్స్ కాదు. అసలుది సిరాక్యూస్‌లో ఉంది. 1954లో తిరిగొచ్చింది. వెతికేవాళ్లు జారిపడే చోటు ఇది.

తర్వాత 1960, 61, 62 వరసగా మూడు కాల్డర్ కప్పులు. 1966-67లో షోర్ వేధింపులు భరించలేక ఆటగాళ్లు సమ్మె చేశారు. అలన్ ఈగల్సన్ వాళ్ల తరఫున దిగాడు, ఆ గొడవలోంచే 1967లో ఎన్‌హెచ్ఎల్ ఆటగాళ్ల సంఘానికి దారి పడింది. (అదే ఈగల్సన్ తర్వాత మోసం కేసులో జైలుకు పోయాడు, అది వేరే దారం.) 1967లో లాస్ ఏంజెలెస్ కింగ్స్ చేతికి పోయి స్ప్రింగ్‌ఫీల్డ్ కింగ్స్ అయింది, ఆ పేరుతో 1971లో ఒక కప్పు గెలిచింది. 1974-75 సీజన్ మధ్యలో మళ్లీ ఇండియన్స్ అయ్యి ఆ ఏడే కప్పు గెలిచింది. 1990లో, 1991లో కూడా. రెండేళ్లలో పై జట్లు వేరు, మొదట న్యూయార్క్ ఐలాండర్స్, తర్వాత హార్ట్‌ఫర్డ్ వేలర్స్. మొత్తం ఏడు కప్పులు.

1994లో మా వూస్టర్‌కు వచ్చేసింది. స్ప్రింగ్‌ఫీల్డ్ అదే ఏడు కొత్త విస్తరణ జట్టు తెచ్చుకుంది, ఫాల్కన్స్. దాన్ని 2016లో ఎన్‌హెచ్ఎల్ జట్టు అరిజోనా కొని టూసాన్ పట్టుకుపోయింది. అదే వేసవిలో పోర్ట్‌లాండ్ పైరేట్స్‌ను కొని స్ప్రింగ్‌ఫీల్డ్ తెచ్చారు, ఇప్పటి థండర్‌బర్డ్స్. ఒకే ఊరు, మూడు ఫ్రాంచైజీలు. ఒకటి మీ దగ్గర, ఒకటి ఎడారిలో, ఒకటి ఊళ్లో.

#17 కిరణ్_హ్యామిల్టన్

అయితే మూర్తి గారూ, ఏహెచ్ఎల్‌లో అన్నిటికంటే పాతది హర్షీ బేర్స్ కదా?

#18 పాతపేపర్ల_మూర్తి

ఊరు మారకుండా ఒకే పేరుతో ఉన్నవాళ్లలో అవును. 1938 నుంచి ఏహెచ్ఎల్‌లో ఉన్నారు, చాక్లెట్ ఊరు వదిలి పోలేదు. కానీ ఫ్రాంచైజీ లెక్కలో హార్ట్‌ఫర్డ్ వుల్ఫ్ ప్యాక్ పెద్దన్న. 1926లో ప్రావిడెన్స్ రెడ్స్‌గా పుట్టి, చివరి ఏడాది రోడ్ ఐలాండ్ రెడ్స్ అని, 1977లో బింగ్‌హామ్‌టన్‌కు పోయి అక్కడ డస్టర్స్, వేలర్స్, రేంజర్స్ అని మూడు పేర్లు మార్చి, 1997లో హార్ట్‌ఫర్డ్ చేరింది. మధ్యలో ఎక్కడా తెగలేదు.

మీ పద్ధతిలో ఊరి చరిత్ర లెక్క పెడితే హర్షీ, నా పద్ధతిలో హార్ట్‌ఫర్డ్. ఇద్దరం గెలిచాం, సరేనా?

#19 కిరణ్_హ్యామిల్టన్

సరే కాదండీ :) ప్రావిడెన్స్‌లో ఇప్పుడు ప్రావిడెన్స్ బ్రూయిన్స్ ఉంది. అది 1992లో మెయిన్ నుంచి వచ్చిన రెండో మారినర్స్ (1987లో యుటికాకు పోయిన మారినర్స్ వేరు). ప్రావిడెన్స్ ముసలాయన్ని రెడ్స్ ఎవరి జట్టు అని అడగండి. "మా హార్ట్‌ఫర్డ్ వాళ్లది" అంటాడా?

#20 సుజాత_సీడర్‌పార్క్

మీ ఇద్దరూ తేల్చుకునేలోపు 2015 గురించి ఎవరూ చెప్పలేదని గుర్తుచేస్తున్నా. అసలు ఈ వలసలకు ఇప్పటి కారణం తెలిసేది అక్కడే. పశ్చిమ తీరం ఎన్‌హెచ్ఎల్ క్లబ్బుల పిల్లలు తూర్పున ఎక్కడో ఆడుతున్నారు. శాన్ హోసేకి మనిషి కావాలంటే వూస్టర్ నుంచి విమానం. అందుకని 2015 జనవరిలో ఒకేసారి ఐదు జట్లు కాలిఫోర్నియాకు అని ప్రకటించారు. వూస్టర్ షార్క్స్ శాన్ హోసేకి, నార్ఫోక్ శాన్ డియాగోకి, ఓక్లహోమా సిటీ బేకర్స్‌ఫీల్డ్‌కి, అడిరొండాక్ స్టాక్‌టన్‌కి, మాంచెస్టర్ మొనార్క్స్ ఆంటారియోకి (కెనడాది కాదు, కాలిఫోర్నియా ఊరు).

తమాషా ఏంటంటే ఆ ఊళ్లలో అప్పటికే ఉన్న ఈసీహెచ్ఎల్ జట్లు ఎదురు దారిలో తూర్పుకు పోయాయి. బేకర్స్‌ఫీల్డ్ కాండోర్స్ నార్ఫోక్‌కు పోయి నార్ఫోక్ అడ్మిరల్స్ పేరు తగిలించుకుంది, స్టాక్‌టన్ థండర్ అడిరొండాక్ థండర్ అయింది, ఆంటారియో రెయిన్ మాంచెస్టర్ మొనార్క్స్ అయింది. చాలా ఊళ్లలో పేరు కదల్లేదు, లీగ్ మారింది, లోపల జట్టు మారింది. మాంచెస్టర్ వాళ్ల బాధ ఊహించండి: పోతున్నామని తెలిశాక ఆ ఏడే కాల్డర్ కప్పు గెలిచారు, గెలిచి మరీ వెళ్లిపోయారు. ఫైనల్లో ఓడింది ఎవరో కాదు, యుటికా కామెట్స్. శీను గారి వరసే.

#21 పాతపేపర్ల_మూర్తి

వూస్టర్ గుర్తుచేసి పుండు మీద కారం చల్లావమ్మా. మా ఊరికి రెండోసారి అది. 2005లో ఐస్‌క్యాట్స్ పోయింది, 2006లో షార్క్స్ వచ్చింది, 2015లో అదీ పోయింది. ఆ షార్క్స్ ఎక్కణ్నుంచి వచ్చిందంటే క్లీవ్‌ల్యాండ్ బారన్స్, అంతకుముందు కెంటకీ థరోబ్లేడ్స్.

బారన్స్ పేరు చూసి మోసపోవద్దు. మొదటి బారన్స్ 1937 నుంచి ఏహెచ్ఎల్‌లో, 1973లో సీజన్ నడుస్తుండగానే జాక్సన్‌విల్‌కు తరలిపోయింది. రెండో బారన్స్ ఎన్‌హెచ్ఎల్ జట్టు, 1976లో కాలిఫోర్నియా నుంచి వచ్చి 1978లో మిన్నెసోటాలో కలిసిపోయింది. మూడోది 2001-06. మూడింటికీ చుట్టరికం లేదు.

#22 శీను_అబ్బాట్స్‌ఫర్డ్

అందరి మాటలూ కలిపి ముసాయిదా రాశాను, చూడండి:

"అబ్బాట్స్‌ఫర్డ్ కనక్స్ 2021లో ఈ పేరుతో మొదలైంది. దీని ఫ్రాంచైజీ స్ప్రింగ్‌ఫీల్డ్ ఇండియన్స్ నుంచి వూస్టర్, పియోరియా, యుటికాల మీదుగా వచ్చింది. స్ప్రింగ్‌ఫీల్డ్‌లో ఆ ఫ్రాంచైజీ ఏడు కాల్డర్ కప్పులు గెలిచింది. అబ్బాట్స్‌ఫర్డ్‌లో మొదటి కప్పు 2025లో. 2009-14లో ఇదే నగరంలో ఆడిన అబ్బాట్స్‌ఫర్డ్ హీట్‌కు, దీనికి సంబంధం లేదు."

స్థాపన గడిలో 2021 రాసి, కింద పేరాలో మిగతాది పెట్టా. 1926 తీసేశా.

#23 సుజాత_సీడర్‌పార్క్

చక్కగా ఉంది. "పియోరియా" దగ్గర ఒక వాక్యం కలపండి. రివర్‌మెన్ పేరు ఆ ఊళ్లో ఐహెచ్ఎల్, ఈసీహెచ్ఎల్, ఏహెచ్ఎల్, ఎస్‌పీహెచ్ఎల్ అని నాలుగు లీగ్‌ల్లో వాడారు. ఐహెచ్ఎల్ రివర్‌మెన్ 1996లో శాన్ ఆంటోనియోకి పోయింది, మీది 2005-13 ఏహెచ్ఎల్‌ది మాత్రమే. సంవత్సరాలు రాయకపోతే రేపు ఇంకెవరో నాలుగూ కలిపేస్తారు.

#24 నర్సింగ్_ఉప్పల్

శీను అన్నా, నేను హైదరాబాద్ ఎఫ్‌సీ వ్యాసం సర్దుతున్న. 2021-22 కప్పు ఢిల్లీ వ్యాసంల పెట్టాల్నా, మన వ్యాసంల పెట్టాల్నా? సుజాతక్క చెప్పినట్టు రెండు జాగల పెడితే చర్చ పేజీల తిడ్తరు గావచ్చు.

#25 కిరణ్_హ్యామిల్టన్

మన దాంట్లోనే పెట్టన్నా, తిడితే నేనొస్తా. అవతల కాల్గరీ రాంగ్లర్స్ వ్యాసం నేను తీసుకుంటున్నా. ఆ పేరుతో 1977 నుంచి 1987 దాకా కాల్గరీలో ఒక జూనియర్ జట్టు ఉండేది, లెత్‌బ్రిడ్జ్‌కు పోయి హరికేన్స్ అయింది. అదీ కలిపి రాస్తా.

#26 పాతపేపర్ల_మూర్తి

రాయి బాబూ, కానీ పేరు ఎక్కణ్నుంచి వచ్చిందో చెప్పే చోట రాయి. ఫ్రాంచైజీ పట్టికలో మాత్రం పోర్ట్‌లాండ్, 1977తో మొదలుపెట్టు. మారినర్స్ మొదటి రెండేళ్లూ, 1978లో, 1979లో, కప్పు గెలిచారు, 1984లో ఇంకోటి. సెయింట్ జాన్‌లో 2001ది కూడా మర్చిపోకు. ఒమాహా జట్టు పూర్తి పేరు అక్సార్‌బెన్ నైట్స్, అది నెబ్రాస్కా పేరును ఇంగ్లిష్‌లో వెనక నుంచి ముందుకు రాసింది. దాన్ని తెలుగులో ఎలా రాస్తావో రేపు చూస్తా.